జీలుగు చెట్టు కింద నా పిడుగు హెచ్చరిక

ఈ కథలో నేను చావను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చదువుతూ ఉండగా ‘వీడు చస్తే బాగుండు’ అని మీకు గట్టిగా అనిపించే చోట్లు మూడొస్తాయి. మొదటి చోట మా ఆవిడకు అనిపించింది. రెండో చోట మా అత్తగారికి అనిపించింది, ఆవిడ పైకే అనేశారు. మూడో చోట నాకే అనిపించింది. మిమ్మల్ని నవ్విద్దామనే కూర్చున్నాను గాని, రాస్తున్నంతసేపూ నాకు మాత్రం ఒళ్లు మండిపోతూనే ఉంది. ఎవరి మీద అంటారా? ఆరేళ్ల కిందటి సూరిబాబు అనే ఒక మహానుభావుడి మీద. వాడు నేనే.

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. చోడవరంలో టార్పాలిన్ల దుకాణం. వానొస్తే నాలుగు పట్టాలు అమ్ముడుపోతాయి, రాకపోతే ఈగలు తోలుకోవాలి. కాబట్టి ఆకాశం వంక చూడటం నాకు అన్నం పెట్టే పని. తలెత్తి చూసినన్నాళ్లు మనిషిలాగే ఉన్నాను. ఒక దరిద్రపు రోజున ఫోనులో వాతావరణం యాప్ దింపుకున్నాను. అది చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి రెండోది దింపాను. రెండూ తగవు పడితే తీర్పు చెప్పడానికి మూడోది. అలా ఐదయ్యాయి. ఒకదాంట్లో గాలి జిలేబీ చుట్టలా తిరిగేది. ఒకటి పిడుగు పడ్డ చోటల్లా శుభలేఖకు పెట్టినట్టు పసుపు చుక్క పెట్టేది. మిగతా మూడూ ఏం చేసేవో నాకు ఇప్పటికీ తెలియదు. ఐదింటికీ ఏకాభిప్రాయం ఉన్నది ఒక్క విషయంలోనే, నా బ్యాటరీ తినెయ్యడంలో.

అక్కడితో ఆగితే ఒక ఇంటి పిచ్చిగా మిగిలిపోయేది. నేను ‘వాన కబుర్లు’ అని వాట్సాప్ గ్రూపు పెట్టాను. నూట నలభై మూడు మంది. అందులో సగం మంది మా చుట్టాలు, తప్పించుకునే దారి లేనివాళ్లు. పొద్దున్నే పళ్లు తోముకోకముందే వాళ్లకు గాలి ఎటు వీస్తోందో చెప్పేవాణ్ణి. కిటికీ తెరిస్తే తెలిసిపోయే విషయాన్ని మ్యాపు, బాణం గుర్తులు, ఎర్ర రంగు పెట్టి చెబితే మనుషులు ఎంత గౌరవిస్తారో మీరు నమ్మలేరు.

ఆ గౌరవం తలకెక్కి ఉన్న రోజుల్లోనే అమెరికాలో టోర్నడోలు గుంపులు గుంపులుగా వచ్చిపడ్డ వీడియోలు చూశాను. ఏనుగు తొండంలాంటి గాలి ఆకాశంలోంచి దిగి, లారీని పెసరట్టులా తిరగేసి పడేస్తోంది. వాటి వెనకాల కార్లేసుకుని వెంటపడే వీరులు! రాడార్లు, హెల్మెట్లు, అరుపులు! నెల రోజులు ఇదే పని. ప్రయాణంలో టోర్నడో ఎదురైతే కారులో ఉండకూడదట. దిగి, పల్లంలో బోర్లా పడుకుని, తల కాపాడుకోవాలట. ఈ ముక్క నేను మంత్రంలా బట్టీ పట్టాను. మా చోడవరంలో పుట్టి పెరిగిన మనిషెవడూ టోర్నడోను చూసి ఉండలేదన్న చిన్న సంగతి నన్ను ఏమాత్రం ఆపలేదు.

ఏప్రిల్ నెల వచ్చింది. మా బావమరిది అరకులో బడిపంతులు. మా అత్తగారు రమణమ్మ గారిని అతని దగ్గర దిగబెట్టాలి. మామూలు మనిషైతే కారెక్కించి తీసుకెళ్తాడు. నేను ముందు రోజంతా ప్రణాళిక వేశాను. బాడుగ కారు గుమ్మంలోకి వచ్చేసరికి మూడు హెల్మెట్లు, రెండు విజిళ్లు, ఒక పరుపు సిద్ధంగా ఉన్నాయి.

“ఏటండీ ఈ పరుపు?” అంది మా ఆవిడ కామేశ్వరి. “అమ్మని అరకు తీసుకెల్తన్నారా, ఆస్పత్రికా?”

“టోర్నడో వస్తే తల మీద కప్పుకోవాలి. అమెరికాలో అలాగే చేస్తారు.”

“మనకి టోర్నడోలేటండీ?”

“వాళ్లు కూడా మొదట్లో అలాగే అని ఉంటారు.”

మా ఆవిడ ఆకాశం వంక చూడలేదు, ఫోను వంక చూడలేదు, నా వంక చూసింది. ఆ చూపులోనే ఒక ఎర్ర హెచ్చరిక ఉంది. ఐదు యాప్‌లలో ఒక్కటీ దాన్ని పట్టలేకపోయింది.

కారు తోలే అతని పేరు సోమన్న. హుకుంపేట అవతల కొండల్లోని ఊరు అతనిది, నెమ్మదస్తుడు. ఘాటు రోడ్డు మొదలయ్యే ముందు ఏదో చెప్పబోయాడు. “బాబూ, ఇప్పుడు మావోళ్లకి ఇటుకల పండగ. మా ఊరి కాడ రోడ్డు మీద ఆడోళ్లు...”

“సోమన్నా, నువ్వు రోడ్డు చూడు. ఆకాశం సంగతి నేను చూసుకుంటాను” అన్నాను.

ఆ మాట నేను ఎంత ఠీవిగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. కొట్టుకున్నాను కూడా, ఈ వాక్యం రాశాక.

పాడేరు ఘాటులో సగం దూరం ఎక్కాం. ఒక మలుపు దగ్గర ఎండుటాకులు రోడ్డు మధ్యన గిర్రున లేచాయి. చైత్రమాసంలో కొండ మీద రోజూ లేచే సుడిగాలే, మహా అయితే మనిషెత్తు ఉంటుంది. నాకు మాత్రం అందులో ఏనుగు తొండం కనిపించింది.

“ఆపు! టోర్నడో! అందరూ దిగండి! కాలువలోకి!”

సోమన్న బ్రేకు వేశాడు. అతనికి నామీద నమ్మకం లేదు గాని, చెవిలో విజిల్ ఊదితే ఎవడైనా బ్రేకు వేస్తాడు. నేను మా అత్తగారి తలకు హెల్మెట్ తగిలించి, రోడ్డు పక్కన రాళ్లు పేర్చిన కాలువలో బోర్లా పడుకోబెట్టాను. పక్కన మా ఆవిడ. ఇద్దరి మీదా పరుపు. పరుపు మీద నేను. సుడిగాలి వచ్చింది, మా పరుపు మీద గుప్పెడు ఆకులు, ఒక పకోడీ పొట్లం కాగితం పడేసి, లోయలోకి దిగిపోయింది.

సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది. రాకుండా ఉంటుందా? ఆగింది. కిటికీకి మూడేసి తలకాయలు. కండక్టరు దిగి వచ్చి, వినయంగా అడిగాడు.

“ఎవులైనా పోనారేటండీ?”

“ఎవరూ పోలేదు. టోర్నడో డ్రిల్” అన్నాను పరుపు మీద నుంచే.

“అలాగేటి. మరి ఆ పరుపు కిందనుంచి తిట్లు ఇనిపిత్తన్నాయి?”

పరుపు కింద మా అత్తగారు తిట్లలో ఉన్నారు. “అల్లుడు గారూ! నాకు అరవయ్యెనిమిదేళ్లు. నా తోడికోడలికీ నాకూ ముప్ఫయ్యేళ్లు మాటల్లేవు. అదీ నన్ను కాలవలో పండబెట్టాలనుకోలేదు!”

మా ఆవిడ నన్నూ పరుపునూ పక్కకు తోసింది. లేచి, చీర దులుపుకుని, వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. వెనక సీటు నాకు, పరుపుకు వదిలేసింది. మొదటి చోటు ఇదే. మీరు కూడా ఒకసారి అనుకోండి, నేనేం అనుకోను.

పాడేరు దాటాం, హుకుంపేట దాటాం. నాకు పనేం తగ్గలేదు, యాప్‌లు తిప్పుతూనే ఉన్నాను. సిగ్నల్ ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. ఐదింటిలోనూ నవ్వు మొహం పెట్టుకుని ఒక సూర్యుడు. సరే, ఇంకేం భయం లేదనుకున్నాను. అదే సమయానికి పడమటి కొండ వెనక నుంచి మబ్బు లేస్తోందని తరవాత అందరూ చెప్పారు. నేను చూడలేదు. కిటికీ నాలుగంగుళాల దూరంలో ఉంది.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఒక ఊరి మొగలో రోడ్డుకు అడ్డంగా వెదురు గెడ కనిపించింది. దాని వెనక ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు. డప్పు మోగుతోంది. రోడ్డు మూసేశారు! జనాన్ని తరలిస్తున్నారు! డప్పు కొట్టి ఊళ్లను హెచ్చరిస్తున్నారు!

విజిల్ ఊదుకుంటూ దూకాను. “ముందు ఏమైంది? కొండచరియ విరిగిందా? ఎంతమందిని తరలించారు? మీ ఇన్‌చార్జి ఎవరు?”

డప్పు ఆగింది. అందరిలోకీ పెద్దామె ముందుకొచ్చింది. అరవై ఏళ్లుంటాయి, నా భుజం ఎత్తుంటుంది, కొప్పులో ఎర్ర పూలు. పేరు గురుబారి అని తరవాత తెలిసింది. ఆవిడ నన్ను కిందనుంచి పైకి చూసి, హెల్మెట్ దగ్గర ఆగింది.

“సోమన్నా, ఏటంతన్నాడ్రా ఈ బాబు?”

“పండగని తెల్దు పిన్నీ” అన్నాడు సోమన్న, మొహం స్టీరింగుకు ఆనించి. “నాను సెప్పబోతే ఆకాసం సూసుకుంటానన్నాడు.”

అప్పుడు తెలిసింది. ఆ కొండ ఊళ్లలో చైత్రమాసంలో చేసే ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్లంతా వేటకని అడవికి పోతే, ఊరి ఆడవాళ్లు రోడ్డు మీద గేటు వేస్తారు. వచ్చే పోయే బళ్లను ఆపి పండగ మామూలు అడుగుతారు, ఇవ్వకపోతే తమతో ఆడమంటారు. ఆ దారిన తిరిగే ప్రతి మనిషికీ తెలిసిన ఈ సంగతి, ఆ కొండల మీద గాలి గంటకెన్ని కిలోమీటర్లు పోతుందో చెప్పగల నాకు తెలియదు!

సిగ్గుపడే మనిషినైతే నవ్వేసి, మామూలు ఇచ్చి కారెక్కేవాణ్ణి. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. “చూడండి తల్లులూ, ఇది పిడుగుల కాలం. మీరిలా ఆరుబయట గుంపుగా నిలబడకూడదు. పిడుగుకు నియమాలున్నాయి...” వాళ్లు ఎంతో శ్రద్ధగా విన్నారు. విని, ఒక పిల్ల గుంట వచ్చి నా మెడలో పూలదండ వేసింది. ఇంకొకతె డప్పు అందుకుంది. ఈలోగా కారు తలుపు తెరుచుకుని మా అత్తగారు దిగి, ఆడవాళ్ల నడుముల చుట్టూ చేతులేసి, వరసలో కలిసి అడుగేయడం మొదలుపెట్టారు. తల మీద హెల్మెట్ అలాగే ఉంది. కాలవలో పడుకున్నప్పటి కోపమంతా ఆ కాళ్లలోకి దిగింది కాబోలు, నేల అదిరింది.

నాలుగు అడుగులు పడ్డాయో లేదో, గురుబారి చెయ్యెత్తింది. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. పడమటి కొండ వైపు ఒక్కసారి చూసింది.

“ఆటలు సాలు. ఒచ్చీసింది. ఇది ఉత్తి వాన గాదు. బేగి ఇళ్లలోకి నడండి. మామ్మగారూ, మాయింటికి రండి, శ్లాబు ఇల్లు. సోమన్నా, కారు ఆ సింతచెట్టు కింద ఎట్టకు, ఇవతలకి తే.”

ఒక్క నిమిషంలో ఆడవాళ్లంతా కదిలారు. గెడ తీసేశారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నారు, ఆరబెట్టిన చింతపండు చాపలతో సహా లోపలికి పోయింది. నాకు కోపం వచ్చింది. ముప్పై మంది జనం, ఒక్క యాప్ లేదు, ఒక్క మ్యాపు లేదు, ముక్కుతో గాలి పీల్చి నిర్ణయం తీసేసుకోవడమేమిటి?

“ఆగండి! వాన లేదు. ఇదిగో చూడండి” అని ఫోను గురుబారి మొహం ముందు పెట్టాను. “ఐదు యాప్‌లు. ఐదింటిలోనూ సూర్యుడే.”

ఆవిడ ఫోను చూసింది, నల్లగా మూసుకొస్తున్న కొండను చూసింది, మళ్లీ ఫోను చూసింది.

“ఈ సూరీడు ఏ ఊరి సూరీడు బాబూ?”

చూస్తే పైన చిన్న అక్షరాలతో ఉంది. చోడవరం, ఉదయం ఎనిమిదిన్నర. పొద్దుట మా ఇంటి గుమ్మంలో ఉన్న సూర్యుణ్ణి నేను ఫోనులో పెట్టుకుని ఘాటు ఎక్కించి తెచ్చాను.

“అయితే సిగ్నల్ కావాలి” అన్నాను పళ్లు నూరుతూ. “ఇక్కడే ఉండాలో, వాన రాకముందే అరకు చేరిపోవాలో తేల్చాలంటే రాడార్ చూడాలి. సిగ్నల్ ఎక్కడొస్తుంది?”

ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. సోమన్న నోరు జారాడు. “ఫోను బండ మీదొస్తాది బాబూ. కానీ...”

ఊరి వెనక గుట్ట కొమ్మున పెద్ద బండ, దాని పక్కన ఒంటరిగా, తాటిచెట్టులా నిటారుగా, కల్లు గీసే జీలుగు చెట్టు ఒకటి. ఊళ్లో ఎవరికి ఫోను వచ్చినా, హాస్టల్లో పిల్లలతో మాట్లాడాలన్నా, అందరూ ఎక్కేది ఆ బండే. ఊరికి దగ్గర్లో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. అందుకే సిగ్నల్ దానికి అందుతుంది. మిగతావి కూడా దానికే అందుతాయన్న ముక్క తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాకున్నది సరిగ్గా ఆ అక్కర్లేని పెద్ద చదువే.

“మబ్బడితే ఆ బండ మీదకి మేకని కూడా తోలం బాబూ” అంది గురుబారి.

“మీరేం భయపడకండమ్మా. పిడుగులు ఎక్కడ పడుతున్నాయో అక్కడికెళ్తే నాకు తెలుస్తుంది.”

“తెలుస్తాది. శానా దగ్గిరినుంచి తెలుస్తాది.”

“ఏమండీ, వద్దు” అంది మా ఆవిడ. ఘాటులో కాలువలోంచి లేచాక నాతో మాట్లాడిన మొదటి మాట. “ఆకాశం నెత్తి మీదే ఉంది కదా. తలెత్తండి, సాలు.”

“తలెత్తి చూడటం వేరు, సమాచారం వేరు. పది నిమిషాల్లో కబురు తెస్తాను” అన్నాను.

అప్పుడే మా అత్తగారు హెల్మెట్ తీసి సోమన్న చేతిలో పెట్టి, రెండో చోటు పైకే అనేశారు. “ఎల్లండి అల్లుడు గారూ. పిడుగుకి కూడా ఒక రోజొస్తాది.”

నేను ఎక్కాను. ఎలా ఎక్కానో చెబుతాను, మీరు కోపం ఆపుకోండి. తలకు హెల్మెట్. ఒక చేతిలో ఇనప కాడ గొడుగు. రెండో చేతిలో సెల్ఫీ కర్ర, దాని కొసన ఫోను, ఎత్తి పట్టుకుని, సిగ్నల్ వెతుక్కుంటూ. పిడుగుకు పెళ్లిచూపులు ఏర్పాటు చేసినా అంత ముస్తాబు జరగదు.

బండ మీద కాలు పెట్టగానే ఫోను మోగడం మొదలైంది. టింగు టింగు టింగు. రెండు వందల పైచిలుకు మెసేజీలు. “అడ్మిన్ గారూ, రేపు మిరపకాయలు ఆరబెట్టొచ్చా?” “సూరిబాబు గారూ, మా అమ్మాయి పెళ్లి పందిరికి ఢోకా లేదు కదా?” గాలి నన్ను పక్కకు తోస్తోంది. నేను జీలుగు చెట్టును ఆనుకుని నిలబడి జవాబులు రాస్తున్నాను. నిజం. మిరపకాయల ఆయనకు ‘నిశ్చింతగా ఆరబెట్టండి’ అని కూడా రాశాను.

అప్పుడొచ్చింది ప్రభుత్వం వారి హెచ్చరిక. ‘మీరున్న ప్రాంతంలో పిడుగులు పడే అవకాశం ఉంది. ఎత్తైన ప్రదేశాల్లో, చెట్ల కింద ఉండకండి.’

చదివాను. ఎత్తైన ప్రదేశంలో, చెట్టు కింద నిలబడి, పూర్తిగా, ఫుల్‌స్టాప్ దాకా చదివాను. చదివి ఏం చేశానో తెలుసా? గ్రూపులో ఫార్వర్డ్ చేశాను. ‘మిత్రులారా, అప్రమత్తం’ అని పైన నా సొంత ముక్క కూడా జోడించాను. నూట నలభై మూడు మందికీ చేరినట్టు రెండు టిక్కులు పడేదాకా కదల్లేదు.

“దిగరా!”

వెనక్కి తిరిగాను. గురుబారి. గుట్టెక్కి వస్తోంది. ఒక చేత్తో చీర పైకి దోపి, రెండో చేత్తో పొదలు పట్టుకుని, గాలికి ఎదురు ఈదుతూ వస్తోంది. కొప్పు ఊడిపోయింది.

“అమ్మా, మీరెందుకొచ్చారు? ఇది ప్రమాదకరమైన...”

“దిగరా అంతంటే! సిన్నపిల్లోడివేట్రా?”

“ఒక్క నిమిషం. శాతం ఎంతో చూడనీ...”

ఆవిడ నా చేతిలోని సెల్ఫీ కర్ర లాక్కుని, ఫోనుతో సహా, లోయలోకి గిరవాటేసింది. గొడుగు గాలే తీసుకుపోయింది. అప్పుడు గమనించాను, నా చేతుల మీద వెంట్రుకలన్నీ నిటారుగా లేచి నిలబడ్డాయి. బండ మీద నుంచి సన్నగా చీమలు పాకినట్టు ఏదో చప్పుడు. ఆవిడ నా మెడలోని పూలదండ పట్టుకుని లాగింది, ఎద్దును లాగినట్టు. దొర్లుకుంటూ దిగాం. సగంలో ఆవిడ కాలు జారింది, మోకాలు రాయికి కొట్టుకుంది. అయినా దండ వదల్లేదు. ఒక పల్లంలోకి నన్ను తోసి, తను పక్కన గొంతుక్కూర్చుని, నా తల వంచి చెవులు మూసింది.

తెల్లగా అయిపోయింది లోకం.

చప్పుడు గురించి రాయడానికి నా దగ్గర పోలిక లేదు. ఇంతవరకు ప్రతిదానికీ ఒక పోలిక వేశాను, దానికి మాత్రం లేదు. కళ్లు తెరిచేసరికి బండ పక్కన జీలుగు చెట్టు నడిమికి చీలి, లోపలి నుంచి పొగలు కక్కుతోంది. నేను ఆనుకుని మిరపకాయలకు అభయమిచ్చిన చెట్టు. వడగళ్లు మొదలయ్యాయి. నిమ్మకాయలంత. హెల్మెట్ నా తల మీదే ఉంది, గురుబారి తల మీద ఏమీ లేదు. తీసి ఆవిడకు పెట్టబోతే చెయ్యి విసిరికొట్టింది.

ఆవిడ ఏడుస్తోందనుకున్నాను. కాదు, కోపంతో ఊగిపోతోంది.

“పండగ పూట మా ఊరికొచ్చినావు. మా బండ మీద సస్తే నీ పెళ్లానికి నానేటి సెప్పాల? ఆ ముసలమ్మ మొకం ఎలాగ సూడాల? నాకు నలుగురు మనవలు. ఆల్లకేటి సెప్తారు? ఎవుడో బాబు ఫోను సూసుకుంతంటే మీ అమ్మమ్మ పోయిందని సెప్తారా?”

మోకాలి నుంచి రక్తం వాన నీళ్లలో కలిసి పోతోంది. నేను ‘క్షమించమ్మా’ అన్నాను. వడగళ్ల చప్పుడులో నాకే వినపడలేదు. మూడో చోటు ఇది. ఆ పల్లంలో, ఆ మోకాలు చూస్తూ, పిడుగు ఒక పది గజాలు ఇటు పడి, నా ఒక్కడి మీదే పడి ఉంటే తప్పేముందనిపించింది. రాస్తున్నంతసేపూ ఒళ్లు మండుతోందన్నానే, అది ఆ మోకాలి దగ్గర మొదలైంది.

ముప్పావు గంటకు వాన వెలిసింది. ఇద్దరం కుంటుకుంటూ ఊళ్లోకి దిగాం. అందరూ ఎదురొచ్చారు. గురుబారి కోడలు అత్తను పట్టుకుని ఏడ్చి, మోకాలికి పసరు కట్టింది. మా ఆవిడ ఏడ్చి, నన్ను ఒకటి కొట్టింది. ఇక అయిపోయిందని నేను చావిడి అరుగు మీద కూలబడబోతుండగా, ఆడవాళ్లు రెండు వరసలుగా నిలబడ్డారు. చేతుల్లో బకెట్లు. నాకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లనుకున్నాను. ఎంత మర్యాద! కళ్లు చెమర్చాయి కూడా.

మొదటి బకెట్టు మొహం మీద పడింది. పేడనీళ్లు.

“ఏమిటిది!” అని అరిచాను. నోరు తెరవకుండా ఉండాల్సింది.

“మా పండగ పద్దతి బాబూ” అన్నాడు సోమన్న దూరంగా జరుగుతూ. “ఏటకి కొండెక్కిన మగోడు ఉత్త సేతుల్తో దిగొస్తే ఆడోళ్లు పేడనీళ్లు కొడతారు.”

“నేను వేటకెళ్లలేదే!”

గురుబారి అరుగు మీద నుంచి, కట్టు కట్టిన కాలు చాపుకుని, తీర్పు చెప్పే పెద్దలా అడిగింది. “కొండెక్కినావా, లేదా?”

“ఎక్కాను.”

“ఎక్కీటప్పుడు ఏటి తెత్తానన్నావు?”

“కబురు.”

“తెచ్చినావేటి?”

“తెచ్చాను!” ఉత్త చేతులతో రాలేదని రుజువు చేసుకోవాలన్న ఆత్రం చూడండి. “ప్రభుత్వం వారే పంపారు. ఇక్కడ పిడుగు పడుతుందట!”

గుట్ట మీద జీలుగు చెట్టు ఇంకా పొగలు కక్కుతోంది. అందరూ దాని వంక చూశారు. తరవాత నా వంక చూశారు.

“ఒలే గుంటా,” అన్నారు మా అత్తగారు చీర కొంగు నడుముకు చుట్టుకుంటూ, “ఆ రెండో బకెట్టు ఇలా తే.”

ఆ రెండోది మా అత్తగారిది. మూడోది మా ఆవిడది. నాలుగోది ఎవరిదో తెలియలేదు, అప్పటికి కళ్లు కనపడటం లేదు. నాలుగు రోజుల తరవాత కొత్త ఫోను కొని గ్రూపు తెరిస్తే, నా హెచ్చరిక కింద తొంభై మంది దండాల బొమ్మలు పెట్టారు. ‘సకాలంలో మంచి సమాచారం ఇచ్చారు సార్.’ మిరపకాయల ఆయన మాత్రం గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. ఆయన కాయలన్నీ తడిసిపోయాయట. ఆయన వెనకాలే నేనూ బయటికొచ్చి, కొత్త ఫోనులోకీ వెతుక్కుంటూ వచ్చేసిన ఐదు యాప్‌లనూ ఒక్కొక్కదాన్నీ తిట్టి మరీ తీసేశాను.

కాబట్టి పాఠక మహాశయులారా, నన్ను ఆ రోజు తడిపిన నాలుగు బకెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట వాన సంగతి తెలుసుకోవడానికి ఏ కొండా ఎక్కను. ఏ అత్తగారినీ కాలవలో పడుకోబెట్టను. గురుబారికి నెలకోసారి ఫోను చేస్తాను, బండ మీదున్న వాళ్లెవరో ఎత్తి ఆవిణ్ణి పిలుస్తారు, మోకాలెలా ఉందని అడుగుతాను, ఆవిడ తిడుతుంది, నేను వింటాను. నాతో మాట్లాడాలంటే ఆవిడ ఇప్పటికీ ఆ బండ ఎక్కాల్సిందే. అందుకని ఫోను తీసే ముందు గుమ్మంలోకి వచ్చి, తలెత్తి, ఆకాశమంతా ఒకసారి చూస్తాను. మా ఊరి ఆకాశం చూస్తే ఆ ఊరి సంగతి ఏం తెలుస్తుందని అడక్కండి, తెలియదు. అయినా సరే, గోరంత మబ్బున్నా ఆ రోజు చెయ్యను.